ఆగస్టు 20: నాలుగు ఆప్షన్లలో ఇమడని తేదీ

ఈ రోజు ఆగస్టు 20. పొద్దున ప్రార్థన కాగానే మైకు ముందు నిలబడి ‘చరిత్రలో ఈ రోజు’ చదివే అలవాటున్న బడుల్లో ఇవాళ నాలుగైదు బిట్లు వినపడి ఉంటాయి. 1828లో కలకత్తాలో రామమోహన్ రాయ్ బ్రహ్మసభ తొలిసారి సమావేశమైన రోజు. 1944లో రాజీవ్ గాంధీ పుట్టినరోజు. 1946లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి పుట్టినరోజు. 1977లో అమెరికా వాయేజర్-2ను అంతరిక్షంలోకి పంపిన రోజు. ఆఖర్న ప్రపంచ దోమల దినోత్సవం. అక్కడికొచ్చేసరికి వెనక వరసలో ఎవరో ఒకరు కిసుక్కుమంటారు, దోమలకు కూడా ఒక దినోత్సవమా అని.

ఉంది. పైగా ఆ చిట్టాలో మన ఊళ్లో జరిగింది అదొక్కటే. తక్కినవి కలకత్తాలో, బొంబాయిలో, కర్ణాటకలోని శిడ్లఘట్టలో, ఫ్లోరిడాలో జరిగాయి. దోమల దినోత్సవానికి కారణమైన భవనం మాత్రం సికింద్రాబాద్ బేగంపేటలో, పాత విమానాశ్రయానికి దగ్గర్లో ఉంది. ఇప్పుడది ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో సర్ రోనాల్డ్ రాస్ పేరు మీద ఉన్న పరాన్నజీవి శాస్త్ర సంస్థ.

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ సంగతి ఒక్క లైనులో ఉంటుంది. ‘మలేరియా దోమల వల్ల వ్యాపిస్తుందని కనుగొన్నది ఎవరు?’ కింద నాలుగు పేర్లు, పక్కన ఒక టిక్కు. గ్రూప్స్‌కు చదివే కుర్రవాడు అశోక్‌నగర్ గదిలో కూర్చుని అలాంటి బిట్లు వందలు బట్టీ పడతాడు. రోనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20, సికింద్రాబాద్, నోబెల్ 1902 అని గుర్తుపెట్టుకుంటాడు. మార్కు వస్తుంది. అయితే ఆ లైనులో ఉన్న నాలుగు ముక్కలూ నిజమే అయినా, వాటిని కలిపి అడిగిన ప్రశ్నే కాస్త పక్కకు పోయింది. రోజుకో క్విజ్ తయారు చేసేవాళ్లకు ఎదురయ్యే అసలు చిక్కు ఇదే. తేదీ దొరకడం తేలిక. ఆ తేదీన కచ్చితంగా ఏం జరిగిందో చెప్పడం కష్టం.

ఆ ఆగస్టులో ఏం జరిగిందో దగ్గరగా చూద్దాం.

రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. మీరట్‌లో సిపాయిలు తిరగబడింది మే 10న, అంటే సరిగ్గా మూడు రోజుల ముందు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1894లో లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు అతనికి మైక్రోస్కోప్ కింద మలేరియా పరాన్నజీవిని చూపించాడు. దాన్ని అంతకు ముందే, 1880లో, అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ కనిపెట్టాడు. అది మనిషి నెత్తురులో ఉంటుందని తెలుసు. ఒక మనిషి నుంచి ఇంకొక మనిషికి ఎలా వెళ్తుందో తెలియదు. దోమ మీద మాన్సన్‌కు అనుమానం ఉంది. కానీ దోమ నీళ్లలో పడి చస్తుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకు జ్వరం వస్తుందనీ ఆయన ఊహ. కుట్టడం వల్ల వస్తుందన్న మాట అప్పటికింకా రుజువు కాలేదు.

1895లో రాస్ సికింద్రాబాద్‌కు వచ్చాడు. రెండేళ్ల పాటు దోమల్ని కోసి చూశాడు. ఏమీ కనపడలేదు. కారణం ఇప్పుడు చెప్పడం సులువు. అతను కోసినవి చాలావరకు మలేరియాను మోయని జాతులు. 1897 వేసవిలో నీలగిరుల వైపు వెళ్లి, తానే మలేరియా తెచ్చుకుని, తిరిగి సికింద్రాబాద్ చేరాడు. ఆగస్టు మధ్యలో లార్వాల నుంచి కొత్తరకం దోమలు కొన్ని పుట్టుకొచ్చాయి. వాటి రెక్కల మీద మచ్చలున్నాయి. వాటి పేరేమిటో రాస్‌కు తెలియదు. మచ్చరెక్కల దోమ అని రాసుకున్నాడు. ఆస్పత్రిలో చలిజ్వరంతో ఉన్న హుస్సేన్ ఖాన్ అనే రోగి ఆ దోమలతో కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. అది ఆగస్టు 16.

తర్వాత నాలుగు రోజులు కోతలు సాగాయి. దోమ కడుపు మైక్రోస్కోప్ కింద పెట్టి, గోడను కణం తర్వాత కణం చూసుకుంటూ పోవాలి. గదిలో ఉక్క. పంకా లాగిద్దామంటే ఆ గాలికి కోసిన దోమ కాస్తా ఎగిరిపోతుంది. నుదుటి చెమట, చేతి చెమట కారి కారి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి అద్దమూ పగిలి ఉంది. ఆగస్టు 20 నాటికి ఆ మందలో రెండే దోమలు మిగిలాయి. వాటిలో ఒకదాన్ని కోశాడు. కడుపు గోడలో గుండ్రటి కణాలు కనపడ్డాయి. దోమ శరీరంలో అలాంటివి ఉండవు. వాటిలో నల్లటి రంగు రేణువులున్నాయి. మలేరియా పరాన్నజీవిలో తప్ప ఇంకెక్కడా చూడని రేణువులవి.

ఆ రోజు బేగంపేటలో జరిగింది అంతే. దోమ కడుపు గోడలో పరాన్నజీవి కనపడింది. అది మళ్లీ మనిషిలోకి ఎలా వస్తుందో ఆ రోజు తేలలేదు. కొద్ది వారాల్లోనే రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తా చేరాక, పిట్టల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి వెళ్తుందనీ, దోమ కుట్టినప్పుడు ఆరోగ్యంగా ఉన్న పిట్టకు అంటుకుంటుందనీ ఆ జూలైలో చూపించాడు. మనిషి విషయంలో ఆ పని అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ, బిగ్నామి, బాస్టియానెల్లి పూర్తి చేశారు. మచ్చరెక్కల దోమ అనాఫిలస్ అని స్పష్టం చేసింది కూడా వాళ్లే. రాస్‌కూ గ్రాస్సీకీ మధ్య ఈ విషయమై జీవితాంతం పొసగలేదు.

ఇప్పుడు పాత బిట్టును మళ్లీ చదివితే లొసుగు తెలుస్తుంది. ‘మలేరియా దోమ వల్ల వస్తుందని 1897 ఆగస్టు 20న ఏ ఊళ్లో కనుగొన్నారు?’ అని అడిగితే, సికింద్రాబాద్ అన్నవాడికి మార్కు ఇవ్వాలి. కలకత్తా అన్నవాడు లేచి, వ్యాప్తి రుజువైంది మా దగ్గర అంటే అతని మాటా కొట్టేయలేం. కలకత్తా ఆస్పత్రి గోడ మీద కూడా రాస్ స్మారకం ఉంది. దాన్ని 1927లో రాస్ స్వయంగా వచ్చి ఆవిష్కరించాడు. అందుకే ప్రశ్న ఇలా ఉండాలి: ‘మలేరియా పరాన్నజీవి దోమ కడుపు గోడలో పెరుగుతుందని మొదటిసారి చూసిన ఊరు ఏది?’ నాలుగు మాటలు ఎక్కువైనా తగవు తీరింది. అదే పనిలో పిల్లలకు ఒక కొత్త సంగతి కూడా తెలిసింది.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. జంట నగరాల్లో పుట్టి పెరిగినవాళ్లే ఎక్కువగా తప్పుతారు దానికి. రాస్ పనిచేసిన చోటు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? చాలామంది నల్లకుంట అంటారు. ఎందుకంటే అందరూ ఫీవర్ ఆస్పత్రి అని పిలిచే నల్లకుంట ఆస్పత్రి బోర్డు మీద కూడా సర్ రోనాల్డ్ రాస్ పేరే ఉంటుంది. అది అంటువ్యాధుల ఆస్పత్రి. రాస్ మైక్రోస్కోప్ పెట్టుకున్నది బేగంపేటలో. రెండు చోట్లా ఒకే పేరు కావడంతో ఆటోవాలా కూడా తికమక పడతాడు.

తేదీ అన్నాక వారం కూడా అడగాలి. ఈ ఆట తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. అష్టావధానం చూసినవాళ్లకు వారగణనం తెలిసే ఉంటుంది. పృచ్ఛకుడు ఏదో ఒక తేదీ చెప్తాడు. అవధాని ఒక పక్క దత్తపదితో, ఇంకో పక్క నిషిద్ధాక్షరితో కుస్తీ పడుతూనే ఆ రోజు ఏ వారమో టక్కున చెప్పాలి. 1897 ఆగస్టు 20 ఏ వారం? కాగితం లేకుండా కట్టొచ్చు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టు 15 శుక్రవారమని అందరికీ గుర్తే. అంటే ఆ ఆగస్టు 20 బుధవారం. అక్కడి నుంచి యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ఏడాదికి ఒక రోజు చొప్పున యాభై, మధ్యలో లీపు సంవత్సరాలు పదకొండు. 1900 లీపు కాదు, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. మొత్తం అరవై ఒక్క రోజులు. ఏడుతో భాగిస్తే ఐదు మిగులుతాయి. బుధవారం నుంచి ఐదు రోజులు వెనక్కి: మంగళ, సోమ, ఆది, శని, శుక్ర. శుక్రవారం.

పంచాంగం తిప్పితే ఇంకొంచెం రుచి తగులుతుంది. అది హేవిళంబి నామ సంవత్సరం, శ్రావణ మాసం, బహుళ పక్షం. రాస్ చెమటలు కక్కుతూ దోమ కడుపు చూస్తున్నది శ్రావణ శుక్రవారం నాడు. ఊళ్లో ఆడవాళ్లు పసుపు కుంకుమలు, తాంబూలాలు పంచుకునే రోజది.

అదే రోజుకు హైదరాబాద్ రాజ్యంలో ఇంకో లెక్క కూడా ఉంది. కంటోన్మెంటు కాగితాల మీద 1897. మూసీ ఒడ్డున నిజాం సర్కారు కచేరీల్లో మాత్రం 1306 ఫసలీ. ఆజర్ నెలతో మొదలై ఆబాన్‌తో ముగిసే సంవత్సరం అది. ఫసలీకి 590 కలిపితే సుమారుగా ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. జాగీర్లను 1949లో రద్దు చేసిన చట్టం పేరులోనే ‘1358 ఫసలీ’ అని ఉంటుంది. ఇప్పటికీ రెవెన్యూ వాళ్ల పహాణీల్లో, జమాబందీలో ఫసలీ సంవత్సరం రాస్తారు. కాబట్టి పాత హైదరాబాద్ మీద రోజువారీ క్విజ్ రాసేవాళ్లు దస్తావేజులో తేదీ చూడగానే దాన్ని ఏ కేలండర్‌లో వేశారో ముందు తేల్చుకోవాలి. లేకపోతే ఒక నెల అటో ఇటో, ఒక సంవత్సరం ముందో వెనకో పడి ప్రశ్న తలకిందులవుతుంది.

పుట్టినరోజుల చిక్కు వేరు. మన తాతల తరంలో బడిలో వేసేటప్పుడు తల్లిదండ్రులు ఫలానా తిరునాళ్లప్పుడు, ఫలానా వరదప్పుడు పుట్టాడని చెప్పేవాళ్లు. అయ్యవారు వేలి మీద లెక్క కట్టి జూన్‌లోనో జూలై ఒకటినో ఒక తేదీ రాసేవారు. పదవీ విరమణ ఆ తేదీ మీదే జరుగుతుంది, జన్మనక్షత్రం పూజ ఇంకో రోజు జరుగుతుంది. ఇలాంటివాళ్ల జయంతులు క్విజ్‌లో పెట్టేటప్పుడు రికార్డు తేదీ అని ఒక మాట చేర్చడం మంచిది.

క్విజ్ అనే ఆట మన దేశంలో ఊపందుకున్నది 1967 తర్వాత. ఆ ఏడాది కలకత్తాలో ఒక చర్చి హాల్లో నీల్ ఓబ్రయన్ అందరికీ తలుపులు తెరిచి పోటీ పెట్టాడు. 1972లో మొదలైన బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్ బడిపిల్లల్ని రేడియో చుట్టూ కూర్చోబెట్టింది. జంట నగరాల్లో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్బు పుట్టింది కూడా అదే సంవత్సరం. దేశంలోని పాత క్విజ్ క్లబ్బుల్లో దాని పేరు ముందు వరసలో వినపడుతుంది. 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు క్విజ్ టైమ్ వచ్చింది. 2000 జూలై 3న కౌన్ బనేగా కరోడ్‌పతి, 2014లో నాగార్జునతో తెలుగులో మీలో ఎవరు కోటీశ్వరుడు. టీవీ ఆట పుణ్యమా అని ‘లాక్ చేయమంటారా’ అనేది ఇళ్లలో ఊతపదమైంది.

టీవీ ఆటకూ క్లబ్బు ఆటకూ ఒక తేడా ఉంది. టీవీలో నాలుగు ఆప్షన్లు ఇస్తారు, తెలియకపోయినా గుడ్డిగా ఒకటి చెప్పొచ్చు. క్లబ్బులో ఆప్షన్లు ఉండవు. దానికి బదులు ప్రశ్నలోనే ఆధారాలు పెడతారు. తెలియనివాడు కూడా ఆ పోగు, ఈ పోగు కలుపుకుని జవాబు దాకా రావాలి. ఉదాహరణకు ఇవాళ్టి తేదీ మీదే ఇంకో ప్రశ్న. వాయేజర్-2 ఆగస్టు 20న బయల్దేరింది, వాయేజర్-1 సెప్టెంబర్ 5న బయల్దేరింది. రెండోది ముందు వెళ్లింది కదా, మరి ఒకటి అని వెనకదాని పేరు ఎందుకు పెట్టారు? తేదీలు బట్టీ పట్టినవాడికి జవాబు తెలియకపోవచ్చు. కాస్త ఆలోచించిన పిల్లకు తట్టొచ్చు. వెనక బయల్దేరినది దగ్గరి దారి పట్టింది, బృహస్పతి దగ్గరికీ శని దగ్గరికీ అదే ముందు చేరింది.

బేగంపేట ఇలాంటి ప్రశ్నలకు గని. ఆగస్టు 20 అయిపోగానే తరిగిపోదు. విమానాశ్రయం సంగతి చూడండి. 2008 మార్చి 22 రాత్రి పన్నెండింటికి బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. నిమిషం దాటగానే, అంటే మార్చి 23న, శంషాబాద్ పని మొదలుపెట్టింది. మరి ‘చరిత్రలో ఈ రోజు’లో దీన్ని ఏ తేదీ కింద వేయాలి? మూతపడ్డది ఒక తేదీన, తెరుచుకున్నది మర్నాడు. మధ్యలో ఉన్నది ఒక్క నిమిషం. క్విజ్ రాసేవాడు మూసివేత గురించి అడుగుతున్నాడా, ప్రారంభం గురించి అడుగుతున్నాడా అనేది ప్రశ్నలోనే తేల్చాలి. శంషాబాద్ అప్పటికే, మార్చి 14న, ప్రారంభోత్సవం జరుపుకుంది కూడా. రిబ్బను కత్తిరించిన తేదీ ఒకటి, విమానం దిగిన తేదీ ఇంకొకటి. మన దగ్గర వంతెనలకూ ఫ్లైఓవర్లకూ కూడా ఇదే వరస.

బేగంపేటలోనే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ ఉంది. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం జాగీర్దార్స్ కాలేజీగా మొదలైంది. 1949లో జాగీర్లే పోయాయి. జాగీర్దార్లు లేని రాజ్యంలో జాగీర్దార్ల బడి ఎందుకు? 1951లో పేరు మారి అందరి పిల్లలకూ తలుపులు తెరిచింది. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల, అడోబి శంతను నారాయణ్, క్రికెట్ వ్యాఖ్యాత హర్ష భోగ్లే, ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు అజయ్ బంగా అక్కడ చదివినవాళ్లే. ఇందులోంచి జూన్ 2 ప్రశ్న ఒకటి పుడుతుంది. తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2 అందరికీ కంఠతా వచ్చు. సరిగ్గా తొమ్మిదేళ్లకు, 2023 జూన్ 2న, బేగంపేట బడిలో చదివిన ఒకాయన వాషింగ్టన్‌లో బాధ్యతలు చేపట్టాడు. ఆయనెవరు? బంగా. రాష్ట్రావతరణ ఉత్సవానికి బడిలో క్విజ్ పెట్టే టీచర్లు ఈ ప్రశ్న వాడుకోవచ్చు.

ఇక అమెరికా వీసా కోసం వరసలో నిలబడ్డ తెలుగువాళ్లకు బేగంపేట అంటే పైగా ప్యాలెస్. 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్ అందులోనే ఉండేది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు సంఘం సభలో క్విజ్ పెట్టి ‘మీ వీసా మీద ముద్ర పడ్డ భవనం ఎవరు కట్టించారు?’ అని అడిగితే, హాల్లో సగం మంది ఆ భవనం ముందు గంటల తరబడి నిలబడ్డవాళ్లే అయినా, పైగా వంశానికి చెందిన ప్రధాని వికారుల్ ఉమ్రా అని ఎందరు చెప్పగలరో చూడాలి.

ఇంత చెప్పాక ఇవాళ్టి క్విజ్ పెట్టకుండా ప్రసంగం ముగించడం బాగుండదు. ఐదు ప్రశ్నలు. బడిలో రేపు పొద్దున వాడుకోదలచిన టీచర్లు రాసుకోవచ్చు.

మొదటిది. బేగంపేట విమానాశ్రయం స్థానంలో వచ్చిన విమానాశ్రయానికి ఆగస్టు 20న పుట్టిన నాయకుడి పేరు పెట్టారు. ఆయనెవరు? జవాబు, రాజీవ్ గాంధీ.

రెండోది. మచ్చరెక్కల దోమలతో కుట్టించుకుని, దోమకు అణా చొప్పున తీసుకున్న రోగి పేరేమిటి? హుస్సేన్ ఖాన్.

మూడోది. ఉక్కపోత ఎంతున్నా రాస్ గదిలో పంకా ఎందుకు వేయించుకోలేదు? గాలికి దోమ ఎగిరిపోతుందని. ఇది పుస్తకం చదవని పిల్లలు కూడా చెప్పగలరు.

నాలుగోది. రాస్ తన ఫలితాన్ని 1897 డిసెంబర్ 18 బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చేశాడు. ఆ వ్యాసం ఎన్ని దోమల మీద ఆధారపడింది? రెండు. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ వందలు, వేలు అంటారు.

ఐదోది నాలుగో దానికి తోక. ఒక్క దోమలో ఏదో కనపడితే పొరపాటు కావచ్చునన్న సందేహం రాస్‌కు కూడా ఉంది. మిగిలిన రెండో దోమను ఎప్పుడు కోశాడు, అందులో ఏం చూశాడు? మర్నాడు, ఆగస్టు 21న కోశాడు. కుట్టి ఒక రోజు ఎక్కువైన ఆ దోమలో అవే కణాలు నిన్నటికంటే పెద్దవిగా ఉన్నాయి. అంటే అవి దోమ లోపల ప్రాణంతో ఉండి పెరుగుతున్నాయి. రేపటి ‘చరిత్రలో ఈ రోజు’ చదివే పిల్లలు ఆ బిట్టును చేర్చుకోవచ్చు.